పెద్దలు, పిల్లల శనివారం కలయిక: తప్పనిసరి చేయాలా, వద్దా?

నాలుగో_అంతస్తు

మాది హైదరాబాద్‌లో కూకట్‌పల్లి వైపు 180 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. నేను కమిటీలో ఉన్నాను. మొన్న వేసవి సెలవుల్లో ఆరు శనివారాలు, సాయంత్రం అయిదింటికి, కమ్యూనిటీ హాల్లో పెద్దవాళ్లనీ పిల్లల్నీ కలిపి కూర్చోబెట్టాం. మొదటి వారం 22 మంది పిల్లలు, 19 మంది పెద్దలు వచ్చారు. ఆరో వారానికి ఏడుగురు పిల్లలు, అయిదుగురు పెద్దలు మిగిలారు. పద్యాలు, ఫోన్ పాఠాలు, "మా చిన్నప్పుడు" ప్రసంగాలు, అంత్యాక్షరి... వారానికొకటి పెట్టాం.

ఇప్పుడు మా ప్రెసిడెంటుగారు ఒక ప్రతిపాదన తెచ్చారు. ఏడో తరగతి దాటిన ప్రతి పిల్లా పిల్లాడూ నెలకు నాలుగు గంటలు రావాలి. వచ్చినవాళ్లకి అసోసియేషన్ సర్టిఫికెట్ ఇస్తుంది. స్కూళ్లు దాన్ని సామాజిక సేవ కింద లెక్కేసుకుంటాయట. వచ్చే ఆదివారం జనరల్ బాడీలో ఓటింగ్.

నేను అనుకూలం. మా మామగారికి 79. మేమిద్దరం ఆఫీసు నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిది. ఆలోపు ఆయన్ని పలకరించేది లిఫ్ట్‌లో "ఎన్నో ఫ్లోర్ అంకుల్?" అని అడిగే కుర్రాడొక్కడే. ఊళ్లో అయితే అరుగు ఉండేది, ఇక్కడ అరుగు కట్టుకోవాలి, కట్టాక జనాన్ని తెచ్చి కూర్చోబెట్టాలి. కొంచెం బలవంతం లేకపోతే ఎవరూ రారని ఆరు వారాల్లో తేలిపోయింది. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

రిటైర్డ్_గార్డు

కాదనేటోణ్ని నేనే, ముందుగాల రాస్తున్న. నాకు 74. రైల్వేల గార్డుగ చేసి కాజీపేటల రిటైరయిన.

నా దోస్తు ఒకాయన, లెక్కల లెక్చరర్‌గ చేసినోడు, ఇప్పుడు ఒక వృద్ధాశ్రమంల ఉంటడు. ఒకసారి ఆయన్ను చూద్దామని పోయిన. ఆ రోజే ఒక స్కూలు బస్సు వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లలు వరుసగ దిగిన్రు. మనిషికి రెండు అరటిపండ్లు, ఒక బ్రెడ్ ప్యాకెట్ పంచిన్రు. కాళ్లు మొక్కమని టీచర్ చెప్తే మొక్కిన్రు. ఫోటో సరిగ పడలేదని రెండోసారి మొక్కిచ్చిన్రు. అయినంక ఒక్కో పిల్ల ఒక్కో ముసలాయన దగ్గర కూసొని కాగితం తీసింది. అచ్చేసిన ప్రశ్నలు అయిదు. నాలుగోది నాకు ఇప్పటికీ యాదికున్నది: "మీ పిల్లలు మిమ్మల్ని ఎందుకు వదిలేశారు?"

ఆ పిల్ల తప్పేం లేదు. ప్రాజెక్టు వర్కు. మా దోస్తు "ఉద్యోగాల రీత్యా" అని రాయించిండు. అయిదో ప్రశ్నకు వచ్చేసరికి బాత్రూమ్ పోయొస్తనని లేచి, బస్సు పోయేదాక మళ్ల రాలే. నేను బయట నిలబడి పిలిస్తే, పోయిన్రా అని అడిగిండు.

నెలకు నాలుగు గంటలు, సర్టిఫికెట్ అంటే నాకు ఆ కాగితమే కనవడుతది. తల్లిదండ్రులకు భరణం ఇప్పిచ్చేటందుకు 2007ల చట్టం తెచ్చుకున్నం, మంచిదే. పక్కకు కూసొని ముచ్చట పెట్టుమని మాత్రం ఏ చట్టం చెప్పలేదు. జనరల్ బాడీ తీర్మానంతోని అయితదా?

సియాటిల్_చలి

బాబాయ్ గారూ, మీరు చెప్పింది చదివి మనసు పాడయింది. కానీ అది "చూడ్డానికి వెళ్లడం". కలిసి ఉండటం వేరు. నేను ఉండే ఊళ్లోనే ప్రావిడెన్స్ మౌంట్ సెయింట్ విన్సెంట్ అని వృద్ధుల నివాసం ఉంది. దాని లోపలే 1991 నుంచి అయిదేళ్లలోపు పిల్లల డేకేర్ నడుస్తోంది. పిల్లలు అక్కడికి అతిథుల్లా రారు. వాళ్ల రోజు గడిచేదే ఆ కప్పు కింద. బొమ్మలేయడం, పాటలు, కథలు కలిసే జరుగుతాయి. టోక్యోలో కోతోఎన్ అనే చోట 1976 నుంచే వృద్ధాశ్రమం, పసిపిల్లల బడి ఒకే ఆవరణలో ఉన్నాయి.

నాకు బాగా నచ్చింది నెదర్లాండ్స్‌లో డెవెంటర్ అనే ఊళ్లోని పద్ధతి. హ్యుమానిటాస్ అనే వృద్ధాశ్రమంలో కాలేజీ విద్యార్థులకి అద్దె లేకుండా గది ఇస్తారు. బదులుగా నెలకి 30 గంటలు "మంచి పొరుగువాడిలా" ఉండాలి. మందులివ్వడం, స్నానాలు చేయించడం వాళ్ల పని కాదు, దానికి సిబ్బంది ఉన్నారు. వీళ్ల పని కలిసి తినడం, టీవీలో మ్యాచ్ చూడటం, కబుర్లు.

గమనించండి, అక్కడా గంటల లెక్క ఉంది! అక్కా, మీ ప్రెసిడెంటుగారి నాలుగు గంటలు అంత ఘోరమేమీ కాదు.

రిటైర్డ్_గార్డు

బాబూ, ఆ పోరగాళ్లకు గది దొరికింది. అద్దె మిగిలింది. వాళ్లకు అవసరం, ముసలోళ్లకు అవసరం. ఇద్దరికీ లెక్క సరిపోయింది. మా అపార్ట్‌మెంట్ల పిల్లగానికి నాతోని ఏం అవసరం? సర్టిఫికెట్ ఇచ్చేది ప్రెసిడెంటు కదా, నేను కాదు.

ఇద్దరు_పిల్లల_తల్లి

నేను వ్యతిరేకం, కానీ గార్డుగారి కారణం వేరు, నాది వేరు. అందరూ పిల్లలకి తీరిక లేదనే మాటతో మొదలుపెడతారు. నిజమే, మా పెద్దాడికి ఐఐటీ ఫౌండేషన్ క్లాసు శనివారం ఆరింటిదాకా ఉంటుంది. అయినా దాన్ని పక్కన పెడతాను.

మా కాలనీలోనూ ఇలాంటిదే ఒకటి పెట్టారు. మా అమ్మాయికి పన్నెండేళ్లు. మొదటి రోజు ఒక పెద్దావిడ దగ్గర కూర్చుంది. మొదటి ప్రశ్న "మీరేవిట్లు?" దానికి అర్థం కాలేదు. "మేం ఫస్ట్ బ్లాక్ అండీ" అంది. ఆవిడ వదల్లేదు. మీ తాతగారి ఇంటిపేరు, మీ అమ్మ పుట్టింటివాళ్లు... చుట్టూ తిప్పి మా కులం లాగింది. రెండో వారం ఇంకొకావిడ దీని చెయ్యి పట్టుకుని, అచ్చం అమ్మ రంగే, నాన్న రంగు రాలేదు పాపం అంది. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడింది నా కూతురు. మూడో వారం నేను పంపలేదు.

పెద్దవాళ్లంతా వేమన పద్యాల్లోంచి దిగొచ్చారనుకోకండి. మనల్ని పెంచినవాళ్లే వాళ్లు కూడా. పైగా ముక్కూమొహం తెలియని పెద్దమనిషి దగ్గర పిల్లని ఒంటరిగా కూర్చోబెడితే ఎవరు పూచీ? తప్పనిసరి అన్నప్పుడు వద్దని లేచి వచ్చే హక్కు పిల్లకి ఉండదు. నా అభ్యంతరం అదే.

హరిత_విహార్_బాబాయ్

ఏదో పెద్దతనంలో నోరు జారి ఒక మాట అంటారమ్మా. మన ఇంట్లో అనట్లేదా? దానికి పిల్లల్ని దూరం పెట్టేస్తే ఎలా. సర్దుకుపోవడం కూడా పాఠమే.

ఇద్దరు_పిల్లల_తల్లి

ఎప్పుడూ పన్నెండేళ్ల పిల్లే సర్దుకోవాలా బాబాయ్ గారూ? డెబ్భై ఏళ్లావిడకి ఆ పాఠం ఎవరు చెబుతారు?

దివిసీమ_మాస్టారు

కృష్ణా జిల్లాలో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోషల్ చెబుతాను. గార్డుగారి ప్రశ్నకి, ఆ తల్లిగారి ప్రశ్నకి నేను చూసిన ఒక సంగతి దగ్గరగా ఉంటుందనుకుంటున్నాను.

1977 నవంబరు 19 ఉప్పెన మా ప్రాంతంలో ప్రతి ఇంట్లో ఉంది. తొమ్మిదో తరగతి పిల్లలకి అది పుస్తకంలో వాక్యం కూడా కాదు. ఒక ఏడాది పిల్లల్ని ముగ్గురేసి జట్లు చేసి, వాళ్ల వీధిలో ఆ రాత్రి బతికి బయటపడ్డవాళ్ల మాటలు రికార్డు చేయమన్నాను. నేను ప్రశ్నలు ఇవ్వలేదు. క్లాసులో వాళ్లే రాసుకున్నారు. ఒకడు "నీళ్లు ఉప్పగా ఉన్నాయా?" అని రాశాడు. మిగతావాళ్లు నవ్వారు. ఉంచమన్నాను.

ఆ ప్రశ్నే పనికొచ్చింది. ఒక మామ్మగారు అంతకుముందు ఇద్దరు విలేఖరులకి చెప్పిన కథే అప్పజెబుతోంది, గాలి, చీకటి, అరుపులు, అంతా అదే వరసలో. వీడు ఉప్పు గురించి అడిగేసరికి ఆగింది. "ఉప్పు కాదురా, బురద. నోట్లో బురద. తెల్లారి మంచినీళ్లు ఇచ్చినా బురదే అనిపించింది. ఆర్నెల్లు" అంది. తర్వాత తాడిచెట్టుకి తనని కట్టేసిన చీర రంగు చెప్పింది. పక్కనే ఉన్న ఆవిడ కొడుక్కి అరవై దగ్గర పడ్డాయి, చీర సంగతి తనకీ తెలియదన్నాడు.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. పిల్లలు రాసింది పట్టుకెళ్లి వినిపిస్తే పెద్దవాళ్లు తప్పులు పట్టారు. నీళ్లు పడమటి నుంచి కాదు, సముద్రం అటుందా అని ఒకాయన కేకలేశాడు. ఇద్దరు ముసలాళ్లు ఊరి చెరువుగట్టు అప్పుడు ఎక్కడుండేదన్న దగ్గర దెబ్బలాడుకున్నారు. పిల్లలు పలక తీసుకుని పటం గీయించారు. మూడుసార్లు చెరిపి నాలుగోసారి ఒప్పించారు. ఎవరూ ఎవరికీ సేవ చేయడం లేదు అక్కడ. పటం సరిగా రావాలి, అంతే.

మార్కులు వేశానా అంటే వేశాను, అబద్ధమెందుకు. రాతకి వేశాను. వెళ్లి కూర్చున్నందుకు వేయలేదు. ఇద్దరు పిల్లలు మాకు ఇష్టం లేదన్నారు, వాళ్ల ఇళ్లలో పోయినవాళ్లున్నారు. వాళ్లకి పటం పని ఇచ్చాను.

అమ్మా, "మీరేవిట్లు" మా దగ్గరా అడిగారు. ముగ్గురు కలిసి వెళ్లారు కాబట్టి ఒక పిల్లకి అడ్డంగా ఇంకో పిల్ల "మామ్మగారూ, అప్పుడు మీరు ఏ గట్టు మీద ఉన్నారు?" అని మాట మళ్లించింది. పరిష్కారం కాదు, తెలుసు. కానీ చేతిలో పని ఉంటే మాట మళ్లించడానికి చోటు ఉంటుంది. ఊరికే "కబుర్లు చెప్పుకోండి" అని వదిలితే మనవాళ్ల కబుర్లు మొదట కులం దగ్గరికి, తర్వాత పెళ్లి దగ్గరికి పోతాయి.

సీఈసీ_సెకండియర్

ఇక్కడ పిల్లల తరఫున పిల్లలెవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నా. 17. నాలుగో_అంతస్తు ఆంటీ వాళ్ల అపార్ట్‌మెంటే మాది. ఆ ఆరు వారాలూ వచ్చిన ఏడుగురిలో నేనొకణ్ని.

ఆంటీ, బోర్ కొట్టడం వల్లే పిల్లలు రాలేదు. ఫోన్ పాఠం అంటే ఒకే తాతగారికి వాట్సాప్ స్టేటస్ ఎలా పెట్టాలో నాలుగుసార్లు చెప్పాను. ఆయనకి స్టేటస్ అక్కర్లేదు, మనవరాలి ఫోటో పెద్దగా కనపడాలి. అది ఆయన మూడో వారం చెప్పారు. మేం అడగలేదు.

కానీ ఒకటి బాగా జరిగింది, అది శనివారం జరగలేదు. సెకండ్ బ్లాక్‌లో పోస్టాఫీసు అకౌంట్స్‌లో చేసి రిటైరయిన తాతగారు ఉన్నారు. పోయిన నవంబరులో పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇప్పుడు జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపించి ఇంట్లోంచే ఇవ్వొచ్చు కదా. ఆయన వేలిముద్రలు అరిగిపోయి మిషన్ తీసుకోవట్లేదని నన్ను పిలిచారు. యాప్ కళ్లు ఆర్పమంటుంది. ఆయనేమో కళ్లు పెద్దవి చేసి కెమెరాని చూస్తారు. కళ్లజోడు తీస్తే ఏం రాసుందో కనపడదు, పెట్టుకుంటే ట్యూబ్‌లైట్ మెరుపు పడుతుంది. బాల్కనీలోకి తీసుకెళ్లి, నేను పక్కన నిలబడి "ఇప్పుడు ఆర్పండి" అంటే తొమ్మిదోసారికి తీసుకుంది. ఆయన అన్న మాట: "బతికున్నానని ఒప్పించడానికి ఇంత కష్టమా!" ఇద్దరం చాలాసేపు నవ్వాం.

అప్పుడే నా అకౌంటెన్సీ నోట్‌బుక్ చూశారు. తరుగుదల లెక్క తప్పు చేశాను. దగ్గర కూర్చోబెట్టి చెప్పారు. అప్పటి నుంచి వారంలో రెండుసార్లు వెళ్తున్నా. నాకు లెక్కలు. ఆయనకి బ్యాంకు మెసేజుల్లో ఏది నిజం, ఏది మోసం చూసి చెప్పేది నేను. ఒకసారి "డిజిటల్ అరెస్ట్" అని వీడియో కాల్ వస్తే కట్ చేసి నాకే ఫోన్ చేశారు. ఇద్దరం కలిసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేశాం. పిన్ మాత్రం నాకు చెప్పొద్దని మొదటి రోజే చెప్పాను, ఆయన వేలితో ఆయనే కొడతారు.

దీనికి సర్టిఫికెట్ ఇస్తే వద్దంటాను. ఇస్తే నా ఫ్రెండ్స్ ముందు తలెత్తుకోలేను 😅

రిటైర్డ్_గార్డు

శభాష్ బిడ్డా. తొమ్మిదిసార్లు నాకూ అయింది. కండ్లు ఆర్పమంటదని నాకెవ్వరు చెప్పలే.

సియాటిల్_చలి

తమ్ముడు చెప్పింది ఒప్పుకుంటూనే ఒక మాట. సర్టిఫికెట్ అన్నా, డబ్బన్నా మనకెందుకింత చిరాకు? బాల్టిమోర్‌లో ఎక్స్‌పీరియన్స్ కోర్ అని పెద్దవాళ్లు ప్రాథమిక బడుల్లో పిల్లలకి చదువు నేర్పే కార్యక్రమం నడిచింది. వారానికి 15 గంటలు. ముందు శిక్షణ, తర్వాత ఖర్చులకి కొంత భత్యం. భత్యం తీసుకున్నంత మాత్రాన వాళ్ల ప్రేమ కల్తీ అయిపోలేదు. మన దగ్గర పెద్దవాళ్ల కాలానికి ఖరీదు లేదు, అందుకే ఊరికే వచ్చి కూర్చోమంటాం, శిక్షణా ఇవ్వం. ఆ "మీరేవిట్లు" ప్రశ్న అడగకూడదని ముందే అరగంట కూర్చోబెట్టి చెబితే? అక్కడ వాలంటీర్లకి ఇలాంటివి చెప్పకుండా లోపలికి రానివ్వరు.

హైదరాబాద్‌కీ ఈ కథలో భాగం ఉంది. 2009లో విద్యా పరిశోధకుడు సుగత మిత్రా అక్కడి బడుల పిల్లల్ని స్కైప్‌లో ఇంగ్లండు బామ్మలతో కలిపాడు. గ్రానీ క్లౌడ్ అన్నారు దాన్ని. ఆ బామ్మల పని పాఠం చెప్పడం కాదు. కథ చదవడం, పిల్లలు చేసింది చూసి "అబ్బో, ఇదెలా చేశావు?" అనడం. అయిదువేల మైళ్ల అవతలి బామ్మ దొరికింది గానీ పై అంతస్తు బామ్మ దొరకలేదు మనకి.

వంటింటి_కబురు

పై అంతస్తు బామ్మ ఎందుకు దొరకలేదో నేను చెబుతానండి. రాజమండ్రి మాది, ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నాం. అక్కా, ఆరో వారం మిగిలిన అయిదుగురు పెద్దల్లో ఆడవాళ్లు ఎంతమంది?

నాలుగో_అంతస్తు

...ఒక్కరూ లేరు. ఇప్పుడే రిజిస్టర్ చూశాను.

వంటింటి_కబురు

అదే మరి. శనివారం అయిదింటికి మీటింగ్ పెడతారు. ఆ టైముకి మా అత్తగారు దీపం పెట్టి, మనవలకి ఏదో ఒకటి వేయించి, రాత్రి కూరకి చిక్కుడుకాయ వలుస్తుంటారు. ఆవిడకి 72, రిటైర్మెంటు లేదు. మైకు మగవాళ్ల దగ్గర ఉంటుంది. ఒకాయన ఎమర్జెన్సీ గురించి మొదలుపెడితే మైకు ఇంకొకాయనకి వచ్చేసరికి హాలు తాళం వేసే టైమవుతుంది. పిల్లలు తగ్గిపోయారంటే తగ్గరా!

మా దగ్గర ఏం జరిగిందో చూడండి. మాఘమాసంలో అత్తగారు డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టారు. బూడిదగుమ్మడికాయ ముక్కలు కోసి, ఉప్పు పసుపు వేసి, గుడ్డలో మూటకట్టి, మీద సన్నికల్లు పెట్టి రాత్రంతా నీరు కార్చారు. పొద్దున్నే మినప్పిండిలో పచ్చిమిర్చి ముద్దతో కలిపి, పాత పంచె మీద పెట్టడం. ఎదురింటి పిల్లలు నలుగురు డాబా మీద గాలిపటానికి వచ్చి ఆగారు. ఆవిడ పిలవలేదు కూడా. చెయ్యి తడుపుకుని పెట్టండర్రా, పొడి చేత్తో అంటుకుంటుంది అన్నారు. అంతే. వరసలు వంకర పోతే తిట్టారు. ఎండాక వడియాలు ఒలిచే రోజు వాళ్లే వచ్చారు, కాకుల్ని తోలే డ్యూటీ వాళ్లే పంచుకున్నారు. మా అత్తగారికి ఫోన్ నేర్పక్కర్లేదు, సేవ అక్కర్లేదు. పది వేళ్లు కావాలి.

మీ మూడో వారం గురించి కూడా నాకు తెలుసు, మా చెల్లెలు మీ అపార్ట్‌మెంటే. హాల్లో ప్రసంగం జరుగుతుంటే ఒక మామ్మగారు బయట మెట్ల మీద వామనగుంటల పీట పెట్టుకు కూర్చున్నారట. నలుగురు పిల్లలు ఎనిమిదిన్నర దాకా కదల్లేదట. ఆ నలుగురూ మీ రిజిస్టర్‌లో ఉన్నారా?

నాలుగో_అంతస్తు

లేరు. హాల్లోకి రాలేదని ఆబ్సెంట్ వేశాను.

దివిసీమ_మాస్టారు

😀 హాజరుపట్టీ కష్టాలు నాకు తెలుసండి.

ఇద్దరు_పిల్లల_తల్లి

మెట్ల మీద, అందరూ తిరిగేచోట, నలుగురు పిల్లలు ఒక మామ్మగారు, మధ్యలో ఆట. ఇది నాకు అభ్యంతరం లేదు. ఎందుకంటే ఓడిపోతే లేచిపోవచ్చు, గెలిస్తే కూర్చోవచ్చు. తలుపు మూసి ఉండదు. రాయించుకుంటే మూడు మాటలు రాయించుకోండి: ఒంటరిగా పంపొద్దు, తలుపు తెరిచి ఉండాలి, పిల్ల రానంటే ఎందుకని అడగొద్దు. కులం, రంగు, పెళ్లి మాటలెత్తితే అక్కడున్న ఎవరైనా సరే ఆపాలి, పెద్దాయనైనా సరే. అది తీర్మానంలో ఉంటే నా ఓటు మార్చుకునేదాన్ని, మీ అపార్ట్‌మెంట్‌లో నాకు ఓటు లేదు గానీ.

హరిత_విహార్_బాబాయ్

పెద్దలకి నియమావళి పెట్టే రోజులొచ్చాయన్నమాట.

రిటైర్డ్_గార్డు

పెట్టాలె. నేను ముప్ఫై అయిదేండ్లు రూల్ బుక్కు చేతుల పట్టుకొనే బండి నడిపిచ్చిన. రూల్ ఉంటె పరువు పోదు.

నాకు వామనగుంటలు రావు, అది ఆడోళ్ల ఆట అని చిన్నప్పుడు రానియ్యలే. పులి-మేక వస్తది. మూడు పులులు, పదిహేను మేకలు, బండ మీద సుద్దతోని గీసుడే. మేకలన్ని పెట్టేదాంక తొందరపడొద్దు, అండ్లనే ఉంటది కత. తప్పనిసరికి మాత్రం నా ఓటు వ్యతిరేకమే. సర్టిఫికెట్‌కు కూడా. హాలు బయట మెట్లకాడ గీస్తె అసోసియేషన్ కడిగేయొద్దు, గంతే అడుగుత.

నాలుగో_అంతస్తు

ప్రెసిడెంటుగారితో ఇప్పుడే మాట్లాడాను. ఆయన సర్టిఫికెట్ వదలనంటున్నారు, ఇప్పటికే డిజైన్ చేయించారట. నేను సవరణ పెడుతున్నాను: తప్పనిసరి తీసేయాలి, హాజరుపట్టీ వద్దు, మైకు వద్దు, మెట్ల దగ్గర రెండు బల్లలు, ఆ తల్లిగారు చెప్పిన మూడు మాటలూ నోటీసు బోర్డు మీద. నవంబరులో రెండు శనివారాలు లైఫ్ సర్టిఫికెట్లకి, సెకండియర్ బాబు ఒప్పుకుంటే. గెలుస్తుందో లేదో తెలియదు, 180 ఫ్లాట్లలో జనరల్ బాడీకి వచ్చేది నలభై మంది.

వామనగుంటల మామ్మగారిని కలిశాను. గుంటకి అయిదు గింజలని ఆవిడ, నాలుగే అని థర్డ్ బ్లాక్ మామ్మగారు. అది మీరే తేల్చుకోండి అని వచ్చేశాను.

వంటింటి_కబురు

అన్నీ రాశారు, టీ ఎవరు పెడతారో రాయలేదు.

నాలుగో_అంతస్తు

గేటు బయట బండి నుంచి తెప్పిస్తాం. ఎవరి డబ్బులు వారివే.